ఒక్క మీటతో తేలే లెక్కలు

దుకాణంలో గుమాస్తాగా, కంపెనీలో అకౌంటెంట్‌గా, గల్ఫ్‌లో టైమ్‌కీపర్‌గా పనిచేసే మన యువకుల్లో ఎక్సెల్ తెలిసినవారు చాలామందే ఉన్నారు. అయితే ప్రతి నెలా అదే హాజరు పట్టీ తెరిచి, అవే గడులు కాపీ చేసి, అవే మొత్తాలు కట్టడంలో పూటలకు పూటలు గడిచిపోతుంటాయి. ఈ చాకిరీని యంత్రానికే అప్పగించే ఉపాయం ఎక్సెల్‌లోనే ఉంది. దాని పేరు మాక్రో. ఎక్సెల్ కొనే స్తోమత లేనివారికి ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లోనూ ఆ సౌకర్యముంది.

నేర్చుకోవడం కష్టమేమీ కాదు. 'రికార్డ్ మాక్రో' నొక్కి, రోజూ చేసే పనిని ఒకసారి చేసి చూపి, ఆపితే చాలు. మనం వేసిన ప్రతి అడుగునూ అది విజువల్ బేసిక్ భాషలో రాసి పెట్టుకుంటుంది. 1993లో వచ్చిన ఐదో వెర్షన్ నుండి ఈ భాష ఎక్సెల్‌కు తోడుగా ఉంది. మరుసటి నెల మీట నొక్కగానే పనంతా క్షణాల్లో ముగుస్తుంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. రికార్డు చేసిన నెలలో 40 మంది కార్మికులుంటే, 40 వరుసల వరకే అని యంత్రం రాసుకుని ఉండవచ్చు. వచ్చే నెల వారు 55 మంది అయితే చివరి 15 మంది జీతం పట్టీకెక్కదు. యంత్రం గోల చేయదు, హెచ్చరించదు. పైగా మాక్రో చేసిన పనిని మామూలు 'అన్‌డూ'తో వెనక్కి తిప్పలేము.

ఇది ఊహించుకున్న భయం కాదు. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ, ప్రయోగశాలల నుండి వచ్చే కరోనా ఫలితాలు వాటంతటవే పట్టీల్లో చేరేలా ఏర్పాటు చేసుకుంది. ఆ పట్టీలు పాత ఎక్సెల్ రూపంలో ఉన్నాయి. పాత రూపంలో ఒక్కో షీటుకు 65,536 వరుసలే పడతాయి. 2007 నుండి వచ్చిన కొత్త రూపంలో పది లక్షలకు పైగా పడతాయి. షీటు నిండాక వచ్చినవి చడీచప్పుడు లేకుండా జారిపోయాయి. సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కకు రాలేదు. రోగులకు తమ ఫలితం తెలిసింది. కాని వారితో మెలిగినవారిని వెతికి హెచ్చరించవలసిన సిబ్బందికి ఆ వివరాలు సకాలంలో అందలేదు.

అలాగని చేత్తో చేస్తే భద్రమనుకోవడమూ పొరపాటే. జేపీ మోర్గాన్ బ్యాంకు 2012లో 600 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. అందుకు కారణాలు అనేకం. అయితే నష్టభయాన్ని అంచనా వేసే లెక్కను ఎక్సెల్ షీట్ల మధ్య చేత్తో కాపీ చేస్తూ నడిపించారని, ఒకచోట సగటుతో భాగించవలసింది మొత్తంతో భాగించారని బ్యాంకు సొంత విచారణ నివేదికే 2013లో ఒప్పుకుంది.

కనుక మాక్రో నేర్చే యువకులు రికార్డు మీటతో ఆగిపోరాదని మా విన్నపం. ఆల్ట్, ఎఫ్ 11 మీటలు కలిపి నొక్కితే యంత్రం రాసుకున్నది కనిపిస్తుంది. దాన్ని వరుసవరుసా చదవాలి. ఎన్ని పేర్లు లోపలికి వెళ్లాయో, ఎన్ని బయటికి వచ్చాయో పోల్చి, తేడా వస్తే పని ఆపి తెరపై చెప్పే రెండు మూడు పంక్తులు చేర్చాలి. పదిమంది జీతం మన చేతిలో అమానతు. ఈ రెండు మూడు పంక్తులు రాయడానికి బద్ధకిస్తే ఎలా?

మరొక మాట. యజమానికి తెలిస్తే ఉద్యోగానికే ఎసరు వస్తుందని కొందరు తమ మాక్రోను రహస్యంగా దాచుకుంటారు. ఆ భయం అర్థం లేనిదని మేము అనము. మూడు రోజుల పని మూడు నిమిషాల్లో ముగించిన కుర్రవాడికి మరో మూడు రోజుల చాకిరీ అంటగట్టే యజమానులు లేకపోలేదు. మిగిలిన వేళను లెక్కలు సరిచూడటానికి, పై పని నేర్చుకోవడానికి వదిలిపెడితే లాభపడేది ఆ యజమానే. దాచిన మాక్రో, దాచినవాడు సెలవు పెట్టిన నాడు ఎవరికీ అంతుపట్టదు.

తెలియనివారు పంపిన ఫైళ్లలోని మాక్రోలను మాత్రం తెరవవద్దు. వైరస్‌ల బెడద వల్ల ఇంటర్నెట్ నుండి వచ్చేవాటిని మైక్రోసాఫ్ట్ 2022 నుండి తానే అడ్డుకుంటోంది. సొంత పనికి ఈ నెల హాజరు పట్టీతోనే మొదలుపెట్టవచ్చు. ముందుగా దానికొక నకలు తీసి, మాక్రోను ఆ నకలు మీదే నడపండి. రెండు నెలల పాటు చేతి లెక్కనూ పక్కనే ఉంచి సరిచూసుకోండి.