ఆలస్యంగా పండే ద్రాక్ష



ద్రాక్షావల్లి, తీగెలు, ద్రాక్షతోట అన్న మాటలు మన ఇళ్లలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. అయితే ద్రాక్ష అంతా ఒకటి కాదు. హైదరాబాదు చుట్టుపక్కల తోటలకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి తినడానికి పెంచే పండు. ఈ నెల చెప్పుకోబోయేది రసం తీయడానికే పెంచే ఇటలీ దేశపు నల్లద్రాక్ష. దాని పేరు నెబ్బియోలో.

ఇటలీకి వాయవ్య మూలన పీడ్‌మాంట్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ ఆల్బా పట్టణం చుట్టూ ఉన్న లాంగె కొండల్లో ఈ ద్రాక్ష పండుతుంది. వారి భాషలో 'నెబ్బియా' అంటే పొగమంచు. కోతకాలంలో కొండలను కమ్మే మంచును బట్టి ఈ పేరు వచ్చిందని కొందరు, పండిన కాయ మీద బూడిద చల్లినట్టుండే పొరను బట్టి వచ్చిందని మరికొందరు చెబుతారు. 1266 నాటి పత్రాల్లోనే దీని పేరు కనిపిస్తుంది. 1431లో లా మొర్రా అనే గ్రామంవారు రాసుకున్న కట్టుబాట్లలో ఈ తీగెను నరికినవారికి శిక్ష కూడా విధించారు.

ఇంత విలువైన తీగెను పెంచడం తేలిక కాదు. చాలా రకాలకంటే ముందే చిగురిస్తుంది, వాటికంటే వెనుక పండుతుంది. ముందు చిగురిస్తే వసంతకాలపు మంచు చిగురును మాడ్చివేస్తుందని భయం. అక్టోబరు దాకా పండకపోతే వానలకు గుత్తులు కుళ్లుతాయని భయం. అందుచేత దక్షిణపు ఎండ బాగా తగిలే కొండవాలు చూసి, సున్నం కలిసిన బంకమన్నులో నాటుతారు. రెమ్మ మొదట్లోని కణుపులు సరిగా కాయవు గనుక రెమ్మను పొడుగ్గా ఉంచి కత్తిరిస్తారు.

పండు తొక్క పలుచన. రంగు తక్కువైనా వగరు, పులుపు మెండు. కొత్త రసం నోటపెట్టడం కష్టం. ఏళ్లు గడిస్తేగాని వగరు మెత్తబడదు, గులాబీ వాసన, తారు వాసన కలిసినట్టుండే దాని పరిమళం తేలదు. బరోలో అనే పేరుతో అమ్మాలంటే కనీసం 38 నెలలు, బార్బరెస్కో అనే పేరుతో అమ్మాలంటే 26 నెలలు నిలవ ఉంచాలని ఇటలీ నిబంధన.

చిన్నరైతు కష్టమంతా ఇక్కడే ఉన్నది. ఎకరమో రెండెకరాలో ఉన్నవాడు అన్ని నెలలు ఎలా ఆగగలడు? కోత కాగానే వర్తకుడు చెప్పిన ధరకు పండు ఇచ్చివేయవలసిందే.

1894లో ఆల్బాలోని ద్రాక్షారస విద్యాలయానికి అధిపతియైన దొమిత్సియో కవాత్సా, బార్బరెస్కో గ్రామంలో 9 మంది తోటల యజమానులను కూర్చి సంఘం పెట్టాడు. ఫాసిస్టు పాలన వచ్చిన 1920ల్లో అది మూతపడింది. 1958లో ఆ ఊరి కతోలిక గురువు 19 మంది చిన్నరైతులను తిరిగి ఒకచోట చేర్చాడు. వారికి సొంత కట్టడం లేదు. మొదటి మూడేళ్ల పంటకు దేవాలయపు నేలమాళిగలోనే రసం తీశారు. ఆ తర్వాతే గుడి ఎదుట సొంత భవనం కట్టుకున్నారు. నేడు ఆ సంఘంలో సభ్యులు 50 మందికి పైనే. నేటికీ వారు వాడేది నెబ్బియోలో పండు ఒక్కటే.

తాగుడు వల్ల చితికిన ఇళ్లను ఎరిగిన మనం ఆ సీసాను మెచ్చుకోనక్కరలేదు. ఆ నేలమాళిగలో జరిగినదాన్ని గమనించండి. ఒంటరిగా ఒక్క నెల ఆగలేని రైతులు, కలిసినందువల్ల ఏళ్ల తరబడి ఆగగలిగారు. మిరపనో పత్తినో కోసిననాడే తెగనమ్ముకోవలసివచ్చే ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలియాలి.