తీగలకూ పిట్టగోడ కావాలి

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు, పాతబస్తీ బండ్లగూడలో వినాయక విగ్రహాన్ని తరలిస్తూ ఇద్దరు మరణించారు. ఆ వెంటనే విద్యుత్ సిబ్బంది స్తంభాలపై ఇంటర్నెట్ కేబుళ్లు కత్తిరించారు. వివాదం హైకోర్టుకు చేరింది.

ప్రాణం కంటే నెట్ ఎక్కువ కాదు. అయితే తీగ తెగితే పెద్ద కంపెనీ మరో లైనుకు మారుతుంది. లాడ్‌బజార్ గాజుల దుకాణంలో కార్డు మిషన్ ఆగుతుంది. గల్లీలో దరఖాస్తులు నింపే నెట్ సెంటర్‌కు ఆ రోజు బేరమే ఉండదు.

డాబా మీదినుంచి ఎవరూ పడకుండా పిట్టగోడ కట్టమంటుంది ద్వితీయోపదేశకాండము, డాబాను కూల్చమనదు. పనికిరాని తీగలు తీసేయడం, కోతకు ముందు గడువివ్వడం, కేబుళ్లను భూమిలోకి మార్చడం నేటి పిట్టగోడ. పొరుగువాని ప్రాణాన్నీ, అతని అనుదినాహారాన్నీ కలిపి కాపాడే బాధ్యత పాలకులదీ, కేబుల్ సంస్థలదీ. అందుకై ప్రార్థిద్దాం, అడుగుదాం.