తెల్ల ఏనుగా? ఐరావతమా?

మొన్న ఒక పాత సహోద్యోగి మాటల సందర్భంలో "మన సొంత నిఘా విమానమా? ఉత్త తెల్ల ఏనుగండీ, మూసెయ్యడమే మంచిదైంది" అని తేల్చేశారు. తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, ఆ ప్రాజెక్టుకు పెట్టుకొన్న పేరే ఐరావతం! ఇంగ్లీషువాడి నానుడిలో తెల్ల ఏనుగు మేపలేని బరువు. మనకది పాలకడలిలో పుట్టిన ఇంద్రవాహనం.

రక్షణ పరిశోధన సంస్థవారు 1980ల నడుమ తలపెట్టిన పని ఇది. ఆవ్రో విమానం వీపున పెద్ద పళ్ళెం వంటి రాడారు గుమ్మటం బిగించి 1990 నవంబరులో ఎగరేశారు. 1999 జనవరి 11న అరక్కోణం దగ్గర దిగబోతుండగా ఆ గుమ్మటం ఊడి తోకను కొట్టింది. శాస్త్రవేత్తలూ వైమానికులూ కలిసి ఎనిమిదిమంది అసువులు బాశారు. ప్రాజెక్టు అటకెక్కింది. ఆ మే నెలలోనే కార్గిల్ యుద్ధం!

(పత్రికలవారు దీన్ని "గూఢచారి విమానం" అని రాస్తుంటారు. గూఢచారి గొంతు విప్పడు. ఇది నలుదిక్కులా కేకవేసి ప్రతిధ్వని వినే కావలివాడు.)

ఆవ్రో ముసలిదే, కాదనను. ఆ వీపున అంత గుమ్మటం ఎలా నిలిపారని నిలదీయవలసిందే. కానీ దోషం బిగింపుదా, విద్యదా? గణభంగమైన పద్యాన్ని దిద్దుకుంటాం. చింపి పారేసి పక్కవాడి పద్యం కొనుక్కురాము. మనం అదే చేశాం. 2004లో ఇజ్రాయెల్‌తో మూడు ఫాల్కన్‌లకు రమారమి 110 కోట్ల డాలర్ల ఒప్పందం! సైన్యానికి అప్పటికప్పుడు అవసరం గనుక కొనడం తప్పనను. సొంత పనిని అయిదేళ్ళు పడుకోబెట్టడమే తప్పు.

అదే 2004లో సొంత ప్రయత్నానికి మళ్ళీ అనుమతి వచ్చింది. ఈసారి గుమ్మటం లేదు. బ్రెజిల్ విమానం వీపున కదలని పలక లాంటి రాడారు. అదే "నేత్ర". 2017 ఫిబ్రవరిలో వైమానికదళంలో చేరింది. విమానం పరాయిదేగా అంటారు మా మిత్రులు. నిజమే. చూసే కన్ను మాత్రం మనది. ఆ కన్నుకు తొలి అక్షరాభ్యాసం తెల్ల ఏనుగని వెక్కిరించిన ఆ ఆవ్రోలో జరగలేదా?

ఓడిపోయిన ప్రాజెక్టు గురించి మన వాచకాల్లో ఒక్క పాఠమైనా లేదేం? అరక్కోణం మీద ఏడో తరగతి పిల్లలకు ఒక్కటి పెట్టమనండి. ఉచితంగా రాసిస్తాను, అచ్చుతప్పులు కూడా నేనే దిద్దుతాను.