తొట్టిని తోమొద్దు, మూయొద్దు

గుడియాత్తం ఇంటి పెరట్లో ఉండే చేపల తొట్టిని ఏం చేద్దామని ఇంట్లో రెండు నెలలుగా మాటలు నడుస్తున్నాయి. ఇల్లు రిపేరు చేసేటప్పుడు మట్టి పోసి మూసేస్తే కారు పెట్టుకునేదానికి చోటు వస్తుందని వేలూరు పెదనాన్న అంటున్నారు. దోమలు, డెంగీ అని చిన్నత్తయ్య భయం. ఉంచుకుంటే మాత్రం నెలకోసారి ఖాళీ చేసి, బ్లీచింగ్ వేసి తోమాల్సిందేనని మిగతావాళ్ళు. మాకు ఈ మూడు మాటలూ ఒప్పుకోబుద్ధి కాలేదు. అన్నిటికన్నా మూడోదే ఎక్కువ చెరుపు చేస్తుందని మా అభిప్రాయం.

చిన్నపిల్లలకి తెలీదు కాబట్టి చెబుతున్నాం, అది చేపల కోసం కట్టిన తొట్టి కాదు. గుడియాత్తం లుంగీలకి మంచి గిరాకీ ఉన్న రోజుల్లో తాత నూలు తడిపేదానికి కట్టించారు. మగ్గం పోయింది, తొట్టి మిగిలింది, అవ్వ అందులో చేపలు వదిలింది. 6 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు. నిండా పోస్తే సుమారు 2,000 లీటర్లు. (కన్నడంలో కూడా దీన్ని తొట్టి అనే అంటారు. బడిలో ఆ మాట కనబడినప్పుడు మన ఇంటి మాట వీళ్ళ పుస్తకంలోకి ఎట్లా వచ్చిందా అనుకున్నాం.)

మనోళ్ళకి శుభ్రం అంటే బిందె తోమినట్టు తళతళా తోమడం. బిందెకి అది సరే. తొట్టిలో చేపలు ఉన్నాయి, అవి వదిలే మలినం ఉంది, తినకుండా మిగిలి కుళ్ళే మేత ఉంది. వీటన్నిటినుంచీ అమ్మోనియా పుడుతుంది, అది చేపకి విషం. గోడలకి పట్టిన జిగురులో, అడుగున రాళ్ళ మీద కంటికి కనబడని బ్యాక్టీరియా ఉంటుంది. అది అమ్మోనియాని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. నైట్రేటుని మాత్రం చేపలు చాలావరకు ఓర్చుకుంటాయి. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా కుదురుకునేదానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నెలకోసారి బ్లీచింగ్ వేసి తోమితే ఇంకెప్పుడు కుదురుకుంటుంది? తోమిన రోజు నీళ్ళు అద్దంలాగా ఉంటాయి. వారం తిరిగేలోపల చేపలు తేలతాయి. అప్పుడు ఎవరో ఒకరు దిష్టి తగిలిందంటారు.

తేటగా ఉంటే మంచి నీళ్ళే అనే నమ్మకాన్ని మన జిల్లావాళ్ళు ఎప్పుడో వదిలిపెట్టి ఉండాలి. తోలు ఫ్యాక్టరీల నీళ్ళు పాలారునీ, చుట్టుపక్కల బావులనీ పాడుచేస్తున్నాయని వేలూరు పౌరుల సంఘం సుప్రీంకోర్టు దాకా పోయింది, 1996లో తీర్పు వచ్చింది. ఉప్పు కరిగిన నీళ్ళు చూసేదానికి తేటగానే ఉంటాయి కదా.

మరి ఏం చేయాలి? వారం పది రోజులకోసారి నాలుగో వంతు నీళ్ళు, అంటే ఇంచుమించు 500 లీటర్లు, పైపు పెట్టి అడుగునుంచి లాగేయాలి. అడుగు మురికి దాంతోనే వచ్చేస్తుంది. ఆ నీళ్ళు అరటిచెట్టుకి, కరివేపాకుకి ఎరువు. తిరిగి పోసేది మునిసిపాలిటీ నీళ్ళైతే ముందురోజే డ్రమ్ముల్లో పట్టి మూత తీసి పెట్టాలి, మామూలు క్లోరిన్ అయితే గాలికి పోతుంది. గోడని తోమాల్సిన పని లేదు. పాచి మరీ మందంగా కనబడితే ఒక పక్క మాత్రం తొట్టి నీళ్ళతోనే రుద్దండి. టెస్టింగ్ పనిలో మాకు పట్టుబడిన అలవాటు ఒకటి ఉంది, ఒకసారికి ఒక్కటే మార్చాలి. నీళ్ళూ మేతా మందూ ఒకే రోజు మార్చేస్తే, ఏది పనిచేసిందో ఏది చంపిందో ఎవరికీ తెలియదు.

మన ఊళ్ళలో చేపకి అసలు శత్రువు ఎండ. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 35 డిగ్రీలకి అది 7కి పడిపోతుంది. పైగా నీళ్ళు పచ్చగా ఉంటే ఆ పాచి పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే తీసుకుంటుంది. కత్తిరి ఎండల్లో తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే ఆకలని అనుకోకండి, ఊపిరాడటం లేదు. సగం తొట్టికి నీడ, రాత్రంతా తిరిగే చిన్న గాలి మోటారు, ఈ రెండూ ఉంటే చాలు.

మేత సంగతి చెబితే కొందరికి కోపం వస్తుందేమో. కోనేట్లో బొరుగులు వేసిన అలవాటుతో ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ తొట్టిలో ఏదో ఒకటి వేస్తారు, బొరుగులు, ఇడ్లీ ముక్కలు, ఒకసారైతే మైసూర్‌పాకు. రెండు మూడు నిమిషాల్లో తినేసేంత మేత రోజుకోసారి చాలు. మిగిలిందంతా అమ్మోనియానే.

చిన్నత్తయ్యా, డెంగీ దోమ నిలవ నీళ్ళలో పుట్టే మాట నిజమే. కానీ అది గుడ్లు పెట్టేది నీటిమట్టానికి కాస్త పైన, గోడకి. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్ళు తగలగానే పొదుగుతాయి. వారం పది రోజుల్లో దోమ తయారు. చేపలు లేకుండా వానకి నిండి ఎండే తొట్టి ప్రమాదం. గప్పీలున్న తొట్టిలో పిల్లపురుగు మిగలడం కష్టం. ముందు మిద్దె మీది ట్యాంకుకి మూత ఉందా, ఫ్రిజ్ వెనక ట్రేలో నీళ్ళున్నాయా, కొబ్బరిచిప్పలు పెరట్లో పడున్నాయా చూడండి. మునిసిపాలిటీవాళ్ళు మందు పోసేదానికి వస్తే చేపలని చూపించండి.

ఇంకొకటి. అంగడివాళ్ళు పాచి తింటుందని అమ్మే నల్ల చేపని, ట్యాంక్ క్లీనర్‌ని, దయచేసి తేవద్దు. అది అడుగు పైన పెరుగుతుంది. విసుగొచ్చినవాళ్ళు చెరువులో వదిలేస్తారు, ఆంధ్రాలో తమిళనాడులో చాలాచోట్ల అట్లాగే చేరి జాలర్ల వలలు చింపుతోంది. దెయ్యం చేప అని ఊరికే అనలేదు. 2021 నవంబరులో మోర్దానా నిండి కౌండిన్య ఊళ్ళోకి వచ్చింది, అందరం చూశాం. మన పెరట్లోది ఏటికి పోదని ఎవరు చెప్పగలరు?

ఇక కారు. పెదనాన్నా, వేలూరు కోట అగడ్త పూడ్చి పార్కింగ్ చేస్తామని ఎవరైనా అంటే మొదట కొట్లాటకి పోయేది మీరే. మన కారు ఏడాదికి పది రోజులు వస్తుంది, వీధిలో పెడితే పోయేదేమీ లేదు.

సంక్రాంతికి అందరూ వచ్చినప్పుడే పైపు, మోటారు, నీడకి తడిక పెట్టేస్తే కత్తిరి లోపల తొట్టి కుదురుకుంటుంది. ఖర్చు మేము పెడతాం. వారం వారం నీళ్ళు తీసేది గుడియాత్తంలో ఉండేవాళ్ళలో ఎవరో ఒక్కరే ఒప్పుకోవాలి, అందరూ కలిసి అంటే ఎవరూ తీయరు. గప్పీలు కావాల్సినవాళ్ళు ఖాళీ సీసా తెచ్చుకోండి, మన తొట్టిలోవి ఇప్పుడే లెక్కకి మించి ఉన్నాయి.