ఇల్లు - పిల్లలు: ఒక్క బొంగరం చాలు



పల్లెల నుండి హైదరాబాదు వచ్చే కుటుంబాలకు రెండు చోట్లు బాగా పరిచయం. ఒకటి పంజగుట్ట. నిమ్స్ ఆసుపత్రి అక్కడే ఉంది. రెండవది అమీర్‌పేట. పెద్దబ్బాయినో అమ్మాయినో కంప్యూటరు కోర్సులో చేర్చడానికి అక్కడికి వస్తారు. రెండింటి మధ్య దూరం కొద్దిపాటిదే. అమీర్‌పేటలో 2017 నుండి, పంజగుట్టలో 2018 నుండి మెట్రో రైలు కూడా ఆగుతున్నది. పని పెద్దవారిదే అయినా, వెంట ఐదారేళ్ల పిల్లవాడుంటే బొమ్మల దుకాణం ముందు వాడి కాళ్లు ఆగిపోతాయి. మందుల చీటీ పట్టుకొని నిలబడిన తండ్రికి అప్పుడు ఏమి చెప్పాలో తోచదు.

ఈ రోజుల్లో మగపిల్లలు చాలామంది అడిగేది బేబ్లేడ్. ఇది కొత్త రకం బొంగరం. పళ్లున్న ప్లాస్టిక్ పట్టీని లాగితే గిర్రున తిరుగుతుంది. జపానులో తకారా అనే కంపెనీ 1999లో దీనిని తెచ్చింది. ఆ దేశపు పిల్లలు పూర్వం తాడు చుట్టి విసిరిన ‘బేగోమా’ అనే చిన్న బొంగరమే దీనికి మూలం. అంటే వంశం చూస్తే ఇది మన బొంగరానికి చుట్టమే.

తేడా ఒకచోట ఉంది. ఒక్కొక్క బేబ్లేడ్‌కు ఒక్కొక్క పేరు, ఒక్కొక్క రంగు. ఒకదాని భాగాలు విప్పి మరొకదానికి తగిలించవచ్చు. ఒకటి కొన్నవాడు రెండవది కోరుకునేట్లుగానే దానిని తయారు చేశారు. అందుచేత పిల్లల మధ్య “నీకు ఎంతసేపు తిరుగుతుంది?” అనే ప్రశ్న పోయి, “నీ దగ్గర ఎన్ని ఉన్నాయి?” అనే ప్రశ్న వస్తుంది.

మా ఇంట్లో ఆరేళ్లవాడితో రెండూ ఆడి చూశాము. బేబ్లేడ్ మొదటి రోజే తిరిగింది. పక్కింటి పిల్లవాడు తనది తెచ్చుకున్నాడు. ఇద్దరూ పళ్లెంలో వాటిని ఢీకొట్టించి కేకలు వేశారు. సంతోషమే, కాదనను. మూడవ రోజు సాయంత్రానికి “నాన్నా, ఎర్రది కూడా కావాలి” అన్నాడు.

చెక్క బొంగరం సంగతి వేరు. తాడు వదులుగా చుడితే జారిపోతుంది. గట్టిగా చుట్టడానికి చిన్న వేళ్లకు బలం చాలదు. విసిరిన చేతిని సరిగ్గా ఏ క్షణంలో వెనక్కు లాగాలో మాటలతో చెప్పలేము. చేయి పట్టుకొని చూపించాలి. వారం రోజులు అది నేలమీద పడి దొర్లుతూనే ఉంది. ఎనిమిదవ రోజున రెండు క్షణాలు నిలబడి తిరిగింది. వాడు వంటింట్లోకి పరుగెత్తి, పిండి చేతులతో ఉన్న వాళ్లమ్మను లాక్కొచ్చాడు. ఆమె వచ్చేసరికి అది పడిపోయింది. మళ్లీ తాడు చుట్టడం మొదలుపెట్టాడు. మరొక బొంగరం కావాలని మాత్రం అడగలేదు.

మా సంఘంలో ఒక కూలి కుటుంబపు పిల్లవాడు కొంతకాలం ఆదివారం మిగతా పిల్లలతో కలవకుండా మెట్లమీదనే కూర్చునేవాడు. కారణం వాళ్లమ్మ చెప్పింది: అందరి దగ్గరా బేబ్లేడ్లు ఉన్నాయి, వీడి దగ్గర లేదు. ఒక పెద్దాయన రెండు చెక్క బొంగరాలు తెచ్చి ఆవరణలో విసిరి చూపించారు. ఊళ్లో తాతగారి దగ్గర నేర్చుకున్న విద్య ఆ పిల్లవాడికి ఉంది. కాసేపటికి మిగతా పిల్లలు వాడి చుట్టూ చేరి తాడు చుట్టడం నేర్పమన్నారు.

కొనేటప్పుడు కొన్ని సంగతులు చూసుకోండి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. నమోదు చేసుకున్న చేతివృత్తులవారి బొమ్మలకు మాత్రం మినహాయింపు ఉంది. పెట్టెమీద రాసిన వయస్సు చదవండి. విడిపోయే చిన్న భాగాలు పాకే పిల్లల నోటికి అందకూడదు. మేకు ఉన్న బొంగరాన్ని ఆరుబయట, మిగతావారిని దూరంగా నిలబెట్టి, పెద్దవారు దగ్గరుండి ఆడించాలి.

అంతకంటే చిన్నపిల్లలకు వేళ్లతో తిప్పే లక్క బొంగరం మంచిది. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో వీటిని చేస్తారు. తిరుగుతున్న కర్రకు లక్కను ఒత్తిపట్టగా, రాపిడి వేడికి అది కరిగి రంగు పట్టుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. చెట్ల నుండి తీసిన రంగులను ఈ పనిలో తిరిగి నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

ఆసుపత్రి ఖర్చుల మధ్య బొమ్మకు డబ్బు మిగలకపోతే పిల్లవాడితో ఆ మాటే నెమ్మదిగా చెప్పండి. ఊరికి వెళ్లాక వడ్రంగి దగ్గర ఒక చెక్క బొంగరం చేయించవచ్చు. అయితే కొనిచ్చి ఊరుకుంటే అది మూలన పడుతుంది. వాడి చేయి పట్టుకొని విసరడం నేర్పడానికి రోజూ సాయంత్రం ఒక పావుగంట కేటాయించండి.