సఖ్రా కింది గుహ: కథలు, తవ్వకాలు

మన ఇళ్లలో కేలండర్ మీది బంగారు గుమ్మటాన్ని చూపించి పిల్లలకు ‘మస్జిదె అఖ్సా’ అని చెబుతుంటాం. ఆవరణ మొత్తాన్నీ అఖ్సా అనడం ఉన్నదే. అయితే ఆ గుమ్మటం ఖుబ్బతుస్ సఖ్రా. ఖలీఫా అబ్దుల్ మలిక్ కాలంలో, క్రీ.శ. 691-92లో పూర్తయిన కట్టడం.

దాని కింది బండలో చిన్న గుహ ఉంది. మేరాజ్ రాత్రి దైవప్రవక్త (స) వెంట ఆ బండ కూడా లేచిందనీ, జిబ్రయీల్ (అ) ఆపారనీ, నేటికీ గాలిలోనే నిలిచి ఉందనీ పెద్దలు చెప్పగా విన్నాం. మెట్లు దిగి చూస్తే అది కొండలో భాగమే. ఖుర్ఆన్‌లో ఈ గుహ ఊసే లేదు. బైతుల్ ముఖద్దస్‌పై మన గౌరవానికి తేలే బండ అవసరమా?

కథలతో చిక్కేమీ లేదు. వాటిని నమ్మి గడ్డపార పట్టుకొచ్చే వారితోనే చిక్కు. 1911లో పార్కర్ అనే ఆంగ్లేయుడి బృందం సులైమాన్ (అ) కాలంనాటి నిధి కోసం, కావలివారికి లంచమిచ్చి రాత్రిపూట ఇక్కడ తవ్వింది. సంగతి పొక్కడంతో నగరం అట్టుడికింది. వాళ్లు జాఫా రేవు నుంచి ఉడాయించారు.

1996 సెప్టెంబరులో ఇజ్రాయెల్ ప్రభుత్వం పడమటి గోడ వెంబడి ఉన్న సొరంగానికి కొత్త ద్వారం తెరిచింది. ఆ సొరంగం గుహ కిందికి పోదు. అయినా ఘర్షణల్లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. 1967 నుంచి ఆక్రమణ కింద బతుకుతున్నవారు తవ్వకం మాట వింటే ఉలిక్కిపడరా మరి! ఆవరణ నిర్వహణ జోర్డాన్ వక్ఫ్‌ది. ద్వారాల దగ్గర నిలబడేది ఇజ్రాయెల్ పోలీసులు.