చేప ఏదైనా సరే, వంటింట్లో మాట మనదుండాలె

ఈ మధ్య మన ఇండ్లల్లో ఒక పంచాయితీ నడుస్తున్నది. పిల్లలు ఫోన్‌లో చూసి, జపాన్ పద్ధతిలో ఓవెన్‌లో కాల్చిన సాల్మన్ చేప కావాలంటున్నారు. సోయా సాస్, అల్లం, కొంచెం తీపి, పైన నువ్వులు. పెద్దవాళ్ళేమో "చేపల పులుసు తినే ఇంట్లో ఇదేం చోద్యం" అని ముక్కు విరుస్తున్నారు. చంద్రపూర్, బల్లార్‌పూర్, ఘుగ్గుస్‌లలో ఉన్న మన తెలుగు ఇండ్లకు ఈ గొడవ కొత్తదేం కాదు. దీని మీద మా ఇంటి మాట ఇది: పనిరోజు రాత్రి ఆ చేప చేసుకుంటే తప్పేమీ లేదు. కానీ దాన్ని ఏ చేపతో చేస్తున్నాం, ఏ భాషలో చేస్తున్నాం అన్నది మాత్రం పట్టించుకోవాలె.

మొదట పెద్దవాళ్ళకు ఒక మాట. "మన వంట" అని మనం దేన్ని అంటున్నాం? మిరపకాయ మన దేశానిది కాదు, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. టమాట, ఆలుగడ్డ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే. ఇవాళ అవి లేకుండా మనకు వారం గడవదు. సాల్మన్ సంగతీ అంతే. జపాన్‌వాళ్ళు సాల్మన్‌ను ఎప్పటి నుంచో ఉప్పు పట్టించి కాల్చుకుని తింటున్నారు గానీ, సుషీలో పచ్చిగా తినే అలవాటు వాళ్ళకు లేకుండె. వాళ్ళ సముద్రంలో దొరికే సాల్మన్‌లో పురుగులుంటాయని భయం. 1980లలో నార్వే దేశం, తాను పెంచిన సాల్మన్‌ను అమ్ముకోవడానికి జపాన్‌లో గట్టిగా ప్రచారం చేసింది. సాల్మన్ సుషీ వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే. అంటే పిల్లలు జపాన్‌ది అంటున్న రుచిలో కూడా ఇంకో దేశం చెయ్యి ఉన్నది.

అంత దూరం ఎందుకు, మన కంచంలోనే చూడండి. తెలంగాణలో మన చుట్టాలు హెచ్‌ఎంటీ బియ్యం అంటే ఇష్టంగా కొంటారు. ఆ వడ్లను ఎంచి తీసింది మన చంద్రపూర్ జిల్లా, నాగ్‌భీడ్ తాలూకా, నాందేడ్ అనే చిన్న ఊరి రైతు దాదాజీ ఖోబ్రాగడే. 1983లో తన పొలంలో పటేల్ 3 రకం వరి మధ్య వేరుగా కనిపించిన కంకులను దాచి, విత్తనం చేసి, ఏళ్ళ తరబడి పండించి చూశారు. అప్పట్లో పేరున్న హెచ్‌ఎంటీ గడియారం పేరే ఆ వడ్లకు పెట్టారు. ఆయన 2018లో కన్నుమూశారు. అక్కడి నుంచి వచ్చిన మనం "ఊరి బియ్యం" అని మురిసిపోయే సన్న బియ్యం పుట్టింది మనం బతుకుతున్న జిల్లాలో! రాజురా ప్రాంతం కూడా 1956 వరకూ హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండె. సరిహద్దు గీతలు మారినా, వంటలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడుస్తూనే ఉన్నాయి.

ఇక పిల్లలకు ఒక మాట. జపాన్ పద్ధతి నేర్చుకోండి, బాగుంటది. కానీ సాల్మనే కావాలని పట్టుపట్టకండి. అది చల్లని సముద్రాల చేప. మన దాకా వచ్చేసరికి గడ్డకట్టి వస్తది, ధర కూడా మన బజారు చేపకు ఎన్నో రెట్లు. పెద్ద నగరాల్లో "ఇండియన్ సాల్మన్" అని అమ్మే రావస్ అసలు సాల్మన్ జాతే కాదు. మనకు దగ్గర్లో ఇరై ఉన్నది, వార్ధా ఉన్నది. వార్ధా, వైన్‌గంగా కలిస్తేనే ప్రాణహిత, అది పోయి కలిసేది మన గోదావరిలోనే. ఈ నదుల్లో, చెరువుల్లో ఢీవర్లు పట్టి తెచ్చే చేప పొద్దున బజారుకు వస్తుంటే, మంచుపెట్టెలో నెలలున్న ముక్క మీద మోజెందుకు?

మా ఇంట్లో దీనికి వాడేది కొర్రమట్ట, ఇక్కడివాళ్ళు మరళ్ అంటారు. దాంట్లో సన్న ముళ్ళు తక్కువ కాబట్టి పిల్లలు భయం లేకుండా తింటారు. బొచ్చె, రోహులలో ముళ్ళెక్కువ, వాటిని పులుసుకే ఉంచుకోవడం మేలు. ఒక్క తేడా గుర్తుంచుకోవాలె. సాల్మన్‌లో కొవ్వు బాగా ఉంటది, ఓవెన్‌లో నాలుగు నిమిషాలు ఎక్కువైనా మెత్తగానే ఉంటది. కొర్రమట్టలో కొవ్వు తక్కువ, ఎక్కువ సేపు ఉంచితే పీచులాగా ఎండిపోతది. అందుకే పైన నూనె రాయాలె, గడియారం మీద కన్ను ఉంచాలె.

అర కిలో ముక్కలకు ముందు ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచి, ఊరిన నీళ్ళను గుడ్డతో ఒత్తి తీసేయాలె. నీచు వాసన పోవడానికి జపాన్‌వాళ్ళు చేసేది ఇదే. మన నానమ్మలు ఉప్పు, పసుపు వేసి రుద్ది కడిగేదీ అందుకే. తర్వాత రెండు చెంచాల సోయా సాస్, చెంచా తురిమిన అల్లం, చెంచా నువ్వుల నూనె, కొంచెం నిమ్మరసం కలిపి ముక్కలకు పట్టించి పావుగంట పక్కన పెట్టాలె. సోయా సాస్‌లోనే ఉప్పుంటది, మళ్ళీ వేయొద్దు. ఓవెన్‌ను ముందే 200 డిగ్రీలకు వేడి చేసి పెట్టి, ముక్కలను 12 నుంచి 15 నిమిషాలు కాల్చాలె. జపాన్‌వాళ్ళు తీపికి వాడే మిరిన్ మనకు దొరకదు, దాని బదులు కరిగించిన బెల్లం. బెల్లం మొదటే పూస్తే మాడిపోతది కాబట్టి చివరి నాలుగు నిమిషాల్లో పూయాలె. దించినాక వేయించిన నువ్వులు చల్లితే అయిపోయింది. ఓవెన్ లేని ఇంట్లో పెనం మీద మూత పెట్టి చేసుకోవచ్చు. మే నెలలో, చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో, అదే నయం కూడా.

సోయా అంటే పరాయిది అనుకునేవాళ్ళు వానాకాలంలో విదర్భ చేన్ల వెంట ఒకసారి పోయి రండి. పత్తి పక్కన కనిపించేది సోయాబీనే. పండించేది మన చుట్టూ ఉన్న రైతులు, తినడానికి మాత్రం మనకు సంకోచం.

ఇందులో ఇంకో సంగతి ఉన్నది, దాన్ని మర్యాద కోసం దాచొద్దు. పులుసు పెట్టాలంటే చింతపండు నానాలె, ఉల్లిగడ్డ వేగాలె, మసాలా నూరాలె, ముక్క చెదరకుండా కనిపెట్టుకుని ఉండాలె. బడి నుంచో, దవాఖాన నుంచో, గని ఆఫీసు నుంచో ఏడింటికి ఇల్లు చేరిన కోడలిని "పులుసే కావాలె" అని అడిగేవాళ్ళు ఆ చింతపండు తాము పిసుకుతున్నారా? కాల్చిన చేప ముప్పావు గంటలో అయిపోతది, దాంట్లో సగం సేపు చేతులు ఖాళీగానే ఉంటాయి. అందరూ కలిసి కూర్చుని తినడానికి వీలవుతది. ఆమెకు మిగిలే ఆ గంట సేపు కన్నా మన నాలుక పట్టుదల పెద్దదేం కాదు.

మరి మనం కాపాడుకోవాల్సింది ఏమిటి? మా లెక్క ప్రకారం, మాట. మూడో తరం పిల్లలకు బడిలో మరాఠీ, ఇంగ్లీషు, వీధిలో హిందీ. తెలుగు మిగిలింది అమ్మమ్మ ఫోన్‌లో, వంటింట్లో. దంచు, నూరు, పట్టించు, నానబెట్టు, ఇగరబెట్టు, అడుగంటింది, మాడింది: ఈ మాటలు మన పిల్లలకు ఏ పుస్తకం నుంచీ రావు, పొయ్యి దగ్గర నిలబడితేనే వస్తాయి. వంట మొత్తం ఫోన్‌లో ఇంగ్లీషులో చూసి, ఇంగ్లీషులోనే చేస్తే, పులుసు వండినా ఆ మాటలు పోతాయి. తెలుగులో చెప్పుకుంటూ చేస్తే, జపాన్ చేప వండినా అవి నిలుస్తాయి. మారినేట్ అనేదానికి "పట్టించి పెట్టు" ఉండనే ఉన్నది. గ్లేజ్ అనేదానికి "పూత" చాలు. సోయా సాస్‌ను సోయా సాస్ అనే అందాం, దాంతో మనకు పేచీ లేదు.

అందుకని పెద్దవాళ్ళు ముక్కు విరవడం మాని, స్టూలు వేసుకుని వంటింట్లో కూర్చోండి. పిల్లలు చేస్తుంటే పేర్లు అందించండి. ఆ చేప చేసే విధానాన్ని వాళ్ళ చేతనే తెలుగులో ఒక కాగితం మీద రాయించండి, తప్పులున్నా సరే. మృగశిర కార్తె నాడు మాత్రం పులుసే. ఆ రోజు పని అందరికీ పంచాలె, చింతపండు పిసికే వంతు ముక్కు విరిచినవాళ్ళది.